చిన్న కాక్టస్ మళ్లీ పూయాలంటే చలికాలంలో నీళ్లు ఆపండి

పువ్వుతో కొన్న చిన్న కాక్టస్ ఆ తర్వాత ఒక్క మొగ్గా వేయలేదని, ఏడాది పొడవునా వారానికోసారి నీళ్లు పోసి ఎరువు కూడా వేస్తున్నానని మీరు రాశారు. ముందు కొన్నప్పటి ఫొటో ఉంటే పెద్దది చేసి చూడండి. గరగరలాడే రేకులు, రాత్రీ పగలూ విచ్చుకునే ఉండటం, నెలలు గడిచినా వాడకపోవడం, అడుగున గట్టిపడిన జిగురు బొట్టు కనిపిస్తే అది అంటించిన ఎండుపువ్వు. ఇలా అంటించి అమ్మడం మామూలే. ఇంకా ఉంటే మాత్రం లాగకండి, ముళ్లూ తొక్కా కూడా ఊడొస్తాయి.

బొడిపెల మధ్య తెల్లటి నూగు ఉందన్నారు కాబట్టి మీది మామిల్లేరియా అనే రకం కాక్టస్ అయ్యుంటుంది. మాది హైదరాబాద్, తూర్పు బాల్కనీ. నా దగ్గరున్న మామిల్లేరియాలు ఏటా పూస్తాయి. అది ఎరువు మహిమేం కాదు, చలికాలంలో నేను పెట్టే పస్తు. ఈ జాతిలో ఎక్కువ రకాల పుట్టిల్లు మెక్సికో. అక్కడ చాలాచోట్ల వానలు వేసవిలో పడతాయి, చలికాలం పొడిగా, చల్లగా గడుస్తుంది. ఆ విరామం దొరికితేనే మొక్క బాగా పూతకు వస్తుంది. ఏడాదంతా ఒకే తీరున నీళ్లు పోస్తే ఒళ్లు పెంచుకుంటుందే గానీ అంతగా పూయదు.

నవంబరు సగం నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా నేను దాదాపు నీళ్లు పోయను. మరీ ముడుచుకుపోతే నెలకోసారి ఎండ ఉన్న పూట నాలుగు చెంచాలు, అంతే. చలికి లోపల పెట్టడం కూడా ఉండదు. మన చలి రాత్రులే దానికి కావాలి. ఆ రోజుల్లో మొక్క చిక్కి, మట్టిలోకి దిగబడ్డట్టు కనిపిస్తుంది. మా అమ్మ చూసినప్పుడల్లా "పాపం, కాసిన్ని నీళ్లు పోయవే" అంటుంది. పోయను.

ఫిబ్రవరిలో నడినెత్తి మీద కాకుండా, దాని చుట్టూ వలయంగా బొడిపెల సందుల్లో ఆవగింజంత గులాబీ చుక్కలు తేలతాయి. అవే మొగ్గలు. అప్పుడు నీళ్లు మొదలుపెట్టండి. పువ్వులు ఎండకు విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి. తర్వాత కొన్ని నెలలకు అదే వలయంలోంచి ఎర్రటి బుల్లి మిరపకాయల్లా కాయలు బయటికి పొడుచుకొస్తాయి. నాకైతే పువ్వుల కన్నా అవే ముద్దు.

ఇక ఎండ. రోజూ కనీసం నాలుగైదు గంటలు నేరుగా తగలాలి. ఆఫీసు టేబుల్ మీద, టీవీ పక్కన పెడితే పైకి సన్నగా సాగుతుంది, పూత ఆశ వదులుకోవాల్సిందే. అలాగని నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే మాడి మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఎండలు ముదిరితే గ్రీన్ నెట్ కట్టండి.

నర్సరీ కుండీల్లో చాలావరకు కోకోపీటే (కొబ్బరి పీచు పొట్టు) ఉంటుంది. తడిస్తే త్వరగా ఆరదు. కాగితం మడిచి మొక్కకు చుట్టి పట్టుకుని తీసి, వేళ్లకు అంటిన పీట్ దులిపేయండి. సగానికి పైగా ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, మిగతాది మట్టి, కాస్త వర్మీకంపోస్ట్ కలిపి చిన్న మట్టి కుండీలో నాటండి. వారం దాకా నీళ్లొద్దు. వేసవిలో మట్టి అడుగుదాకా ఆరాకే పోయాలి, పోస్తే కింది రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. వానాకాలంలో తడవకుండా చూరు కిందికి జరపండి. ఎరువు పూత రోజుల్లో నెలకోసారి చాలు, అదీ నత్రజని తక్కువున్నది, సగం మోతాదులో.

మీ ఊరు రాయలేదు. విశాఖ, విజయవాడ లాంటి చోట చలి అంతగా ఉండదు కాబట్టి నీళ్లు ఆపడం మరింత కచ్చితంగా పాటించండి. బాల్కనీకి పొద్దున కాసేపే ఎండ వస్తే ఇంకోటి కొనేటప్పుడు జిమ్నోకాలిసియం అనే కాక్టస్ అడగండి, అది కాస్త నీడను ఓర్చుకుని కూడా పూస్తుంది. అన్నట్టు, ఆ తెల్లనూగును ఒకసారి పుల్లతో కదిపి చూడండి. జిగటగా ఊడొస్తే అది నూగు కాదు, పిండినల్లి అనే తెల్లటి పురుగు. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, నీడలో ఆరనివ్వండి. వారానికి మళ్లీ చూడండి, సందుల్లో మిగిలినవి తేలతాయి.