సైన్స్ ఫెయిర్‌కి వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

జిల్లా సైన్స్ ఫెయిర్‌కి వాతావరణం మీద ప్రాజెక్ట్ చేస్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంబరమేసిందో. మండలాఫీసులో వాన కొలిచి రిజిస్టర్ రాసినవాణ్ణి, ఆ పని మీద మనింట్లో ఇన్నాళ్లకి ఒకళ్లకి మనసు పోయింది. వెంటనే భయం కూడా పట్టుకుందనుకో, అది తర్వాత చెప్తా.

థర్మకోల్‌తో తుపాను మోడల్ అన్నావట, వద్దమ్మా. దివిసీమ పిల్లవి, 1977 ఉప్పెన సంగతులు వింటూ పెరిగావు, ఆ ఆలోచన రావడంలో తప్పులేదు, కానీ అలాంటి మోడల్ ఎవరైనా చేస్తారు. మీ పెరట్లో పడ్డ వాన లెక్క మాత్రం నీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఆ వాన కొలవడానికి పక్కలు నిటారుగా ఉన్న సీసా తీసుకో. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లేసి నీళ్లు పోసి, సమంగా వచ్చినచోట సున్నా గీత పెట్టు. సీసా మీద పెట్టే గరాటు నోరు సీసా అంతే వెడల్పుంటే స్కేలు మీద చూసిందే వాన. గరాటు రెండింతల వెడల్పుంటే నీళ్ల ఎత్తు నాలుగింతలొస్తుంది, ఎందుకో జడ్జి అడిగితే చెప్పగలగాలి. డాబా మీద పెట్టకు, పైన గాలికి చినుకులు పక్కకి పోతాయి. పెరట్లో పెట్టు, పదడుగుల గోడుంటే దానికి ఇరవై అడుగుల దూరంలో. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకే చూడు, వాతావరణ శాఖ వాళ్ల వాన లెక్క కూడా ఆ టైముకే తెగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు ఇదే ప్రాజెక్ట్ చేశాడు, మంచి తెలివైనవాడు, వర్షాకాలమంతా ఓపిగ్గా రాశాడు. మధ్యలో ఏదో పెళ్లికెళ్లి కొన్ని రోజులు చూడలేదు, తిరిగొచ్చి నోట్‌బుక్‌లో ఆ ఖాళీలు చూసి కంగారుపడి పేపర్‌లో వచ్చిన టౌన్ వర్షపాతం తెచ్చి నింపేశాడు. జడ్జిగారు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "బాబూ, నీ సీసా మీద గీతలు అయిదు మిల్లీమీటర్లకి ఒకటి ఉన్నాయి కదా, ఈ 12.4 ఎలా చూశావు?" అన్నారు. వాడు నోరెత్తలేదు. పైగా ఆ రోజు టౌన్‌లో వాన పడింది గానీ వాళ్లూళ్లో చుక్క లేదు. మిగతా పేజీలన్నీ నిజమే, వాడి కళ్లతో చూసినవే, అయినా వాటిని ఇంకెవరూ నమ్మలేదు. నాకు ఇప్పటికీ బాధే, చూడని రోజు గీత గీసి "చూడలేదు" అని రాస్తే సరిపోతుందని ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. సున్నా అంటే చూశాను, వాన లేదు అని. గీత అంటే చూడలేదు అని. ఈ రెండూ కలిపేశావంటే మాత్రం నేనూరుకోను.

ఇదింత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నీ పట్టుదల నాకు తెలుసు, ఎనిమిదిన్నర అయిందని ఉరుముల్లో కూడా పెరట్లోకి పరిగెత్తే రకం నువ్వు. వద్దు తల్లీ. మీ చిన్నతాత పిడుగుకే పోయాడు, వాన తగ్గేదాకా ఆగుదామని చింతచెట్టు కింద నిలబడి. నీకు ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. ఉరుము వినపడిందంటే పిడుగు నీదాకా రావొచ్చని లెక్క, లోపలే ఉండు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి అప్పుడెళ్లు. లేటుగా చూస్తే టైము పక్కన రాయి. అసలు చూడకపోతే గీత పెట్టు. నీ నోట్‌బుక్‌లో ఎన్ని గీతలున్నా నాకు ఫర్వాలేదు.

మండలాఫీసు లెక్క కూడా తెచ్చుకుని నీదాని పక్కన రాయి, తేడా వస్తే దిద్దొద్దు, జల్లు ఒక వీధిలో పడి పక్క వీధిలో పడకపోవచ్చు, అదే నీ ప్రాజెక్ట్‌లో మంచి పాయింట్. ఆదివారం నేనొస్తున్నా, సీసా అప్పటిదాకా పాతకు, చోటు ఇద్దరం చూద్దాం. మీ నాన్నని కొలత టేపు తీసిపెట్టమను.

మీ పెదనాన్న