మద్రాసు, బొంబాయి మధ్య నడిచే రైళ్లు తిరుపతికి రాకుండా రేణిగుంట మీదుగా ఎందుకు వెళ్తాయి?

చాలామంది యాత్రికులు అడిగే ప్రశ్నే ఇది. జవాబు చరిత్రలో ఉంది. మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్యంగా వేసిన బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైను 1862లోనే రేణిగుంట చేరింది, 1871కి రాయచూరు దాకా వెళ్లింది. మద్రాసు, బొంబాయిలను కలపడమే దాని ఉద్దేశం. తిరుపతి ఆ దారికి సుమారు పది కిలోమీటర్లు పక్కన పడింది. మన ఊరికి రైలు 1891లో వచ్చింది, అదీ సౌత్ ఇండియన్ రైల్వే వేసిన కాట్పాడి, పాకాల, గూడూరు మీటర్‌గేజ్ (సన్న పట్టాల) లైను మీద. చాలా ఏళ్ల తర్వాత అదీ బ్రాడ్‌గేజ్ అయింది.

అప్పట్లో రైలు దిగితే ప్రయాణం అయిపోయినట్టు కాదు. కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో గానీ రాలేదు. అంతవరకు అలిపిరి మెట్లెక్కాల్సిందే, నడవలేనివాళ్లకు డోలీలు.

నాకు తిరుపతి స్టేషన్‌లో బాగా నచ్చేది రైళ్ల పేర్లు. నారాయణాద్రి, వేంకటాద్రి, శేషాద్రి, సప్తగిరి, పద్మావతి! అనౌన్స్‌మెంట్ వింటుంటే స్వామివారి కొండల్ని, అమ్మవారిని వరసగా తలుచుకున్నట్టే ఉంటుంది. బయటికొస్తే దగ్గర్లోనే గోవిందరాజస్వామి గుడి గోపురం, ఎదురుగా యాత్రికుల వసతి గృహం విష్ణునివాసం. తెల్లవారుజామున వెళ్లి చూడండి: దిగేవాళ్లు "గోవిందా" అంటూ దిగుతుంటారు, తిరిగెళ్లేవాళ్లు గుండ్లతో, ఒళ్లో లడ్డూ సంచులతో రైలు కోసం కూర్చుని ఉంటారు.