ఆదివారపు భక్తి సోమవారం నాటికి నిలవాలంటే

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీకు వందనములు, సహోదరీ. బాప్తిస్మం తీసుకున్న తరువాత కూడా, ఆదివారం ఆరాధనలో ఉన్న మనసు సోమవారం ఆఫీసుకు వెళ్లేసరికి ఉండడం లేదని మీరు రాశారు. కోపాన్ని, ఫోనులో చూడకూడనివి చూడడాన్ని, చేయని గంటలను చేసినట్టు టైమ్‌షీటులో రాయడాన్ని మానలేకపోతున్నానని చెప్పారు. నగలు తీసివేస్తే తప్ప పరిశుద్ధ జీవితం సాధ్యం కాదని సంఘంలో ఒకరు అన్న మాట మిమ్మల్ని కలవరపెడుతోందని కూడా రాశారు. నేను పాస్టరును కాను, వేదాంత విద్య చదివినవాణ్ణీ కాను. గుంటూరు మిర్చి వ్యాపారంలో, కమీషన్ కొట్లలో లెక్కలు రాసే గుమస్తాగా బ్రతికినవాణ్ణి. ఆ పని మధ్యలో వాక్యం నాకు ఎలా అర్థమైందో అదే మీకు చెప్పగలను.

అన్నిటికంటే ముందు, ఏది మొదట, ఏది తరువాత అన్న సంగతి స్థిరపరచుకోండి. నిర్గమకాండము 20వ అధ్యాయంలో దేవుడు పది ఆజ్ఞలు ఇచ్చే ముందు, ఐగుప్తు దాస్యంలో నుండి మిమ్మును విడిపించినవాడను నేనే అని చెప్పుకొన్నాడు; విడుదల ముందు, ఆజ్ఞ తరువాత. కొరింథు సంఘంలో కక్షలు ఉన్నాయి, కోర్టు వ్యాజ్యాలు ఉన్నాయి, అన్యజనులలో సైతం వినబడని జారత్వం ఉంది. అయినా పౌలు వారికి రాసిన మొదటి పత్రిక ఆరంభంలోనే వారిని క్రీస్తుయేసునందు పరిశుద్ధపరచబడినవారని సంబోధించి, ఆ తరువాతే ఒక్కొక్క పాపాన్ని పేరు పెట్టి గద్దించాడు. మీరు పరిశుద్ధంగా జీవిస్తే దేవుడు మిమ్మల్ని తన బిడ్డగా చేర్చుకుంటాడని అనుకుంటున్నంత కాలం ప్రతి సోమవారం మీకు ఒక పరీక్షగానే ఉంటుంది, ప్రతి ఓటమి తరువాత ఆయన ముఖం చూడడానికి భయమే మిగులుతుంది. ఆయన మిమ్మల్ని ఇప్పటికే తనవారిగా చేసుకున్నాడు గనుకనే పరిశుద్ధంగా జీవించమంటున్నాడు.

మరి ఆ జీవితం ఎలా ఉంటుంది? నేను యవ్వనంలో ఉన్నప్పుడు పరిశుద్ధత అంటే ఉపవాసాలు, రాత్రి ప్రార్థనలు, సినిమాలకు వెళ్లకపోవడం అనే బోధలే ఎక్కువగా విన్నాను. వాటిని నేను తక్కువ చేయను. కానీ లేవీయకాండము 19వ అధ్యాయం నిదానంగా చదివిన రోజు నా పని పట్ల నా చూపు మారిపోయింది. "మీరు పరిశుద్ధులై యుండవలెను" అన్న ఆజ్ఞతో మొదలయ్యే ఆ అధ్యాయం వెంటనే పొలంలోకి, సంతలోకి వెళుతుంది. బీదల కోసం పొలం ఓరలను కోయకుండా వదలమంటుంది, కూలివాని కూలి తెల్లవారేవరకు మన దగ్గర ఉంచుకోవద్దంటుంది, చెవిటివానిని తిట్టవద్దంటుంది, కొండెములు చెబుతూ తిరగవద్దంటుంది, తల నెరసినవాని యెదుట లేవమంటుంది, చివరికి న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు వాడమంటుంది. అంటే దేవుడు పరిశుద్ధతను వెదికే చోట్లలో కాటా కూడా ఒకటి.

ఆ మాట నాకు నచ్చడంతోనే సరిపోలేదు, దానికి వెల కూడా చెల్లించాల్సి వచ్చింది. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక కొట్టులో, తేమ పేరుతోనూ గోతం బరువు పేరుతోనూ రైతుతో ఒప్పుకున్న తరుగు కంటే ఎక్కువ చీటీలో రాయమన్నారు. బస్తాకు అది చాలా కొద్దిగానే కనిపిస్తుంది గాని, అప్పు తెచ్చి పంట పండించిన రైతుకు అది కొద్ది కాదు. నేను రాయలేనని చెప్పాను, ఆ పని పోయింది, మళ్లీ పని దొరికేవరకు నా భార్య కుట్టుపనితోనే ఇల్లు గడిచింది. మంచి చేస్తే దేవుడు వెంటనే రెండంతలు ఇస్తాడని కొందరు సాక్ష్యాలు చెబుతారు. మా విషయంలో అలా జరగలేదు, కొత్త చోట జీతం తక్కువే. అయినా ఆ కాలంలో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా ఇద్దరికీ ఉన్న నెమ్మదిని నేను దేనితోనూ మార్చుకోను. ఆమోసు 8వ అధ్యాయంలో విశ్రాంతిదినం ఎప్పుడు ముగుస్తుందా, కొలత తగ్గించి ధర పెంచి ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసిన వర్తకులను ప్రవక్త గద్దించాడు. వారు విశ్రాంతిదినాన్ని మీరలేదు, ఆచరించారు; అయినా దేవుడు వారి క్రియలను ఎన్నడూ మరువనని ప్రమాణం చేశాడు. మీరు అడిగిన ఆదివారానికి, సోమవారానికి మధ్య ఉన్న దూరం అంత పాతది.

ఆ రోజు నేను కాదనగలిగింది అప్పటికప్పుడు పుట్టిన ధైర్యంతో కాదు. అలాంటి మాట ఎప్పుడో వస్తుందని తెలిసి, వస్తే ఏమనాలో ఉదయ ప్రార్థనలో చాలాకాలంగా దేవునితో మాట్లాడుకుంటూ ఉన్నాను. మీకు చేతనైనంతలో మీరూ అలాగే చేయండి. "ప్రభువా, నన్ను పరిశుద్ధపరచు" అని మాత్రమే ప్రార్థించి లేవకుండా, ఈ రోజు ఏ మీటింగులో, ఎవరి మాటకు నాకు కోపం వస్తుంది, అప్పుడు నేను ఏమంటాను అని ఆయన సన్నిధిలోనే ఆలోచించుకోండి. రాత్రి పడుకునే ముందు 139వ కీర్తనలోని "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అన్న ప్రార్థనతో ఆ రోజును ఆయన ముందు పెట్టండి.

ఫోను విషయం ఒంటరిగా గెలవగలరని నేననుకోను. చీకటిలో, ఒంటరితనంలో పెరిగే పాపం అది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడని చెబుతుంది. 1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో, మందిరం కట్టిన అప్పు తీర్చడానికి మెథడిస్టు ఉద్యమాన్ని ఆరంభించిన జాన్ వెస్లీ అనుచరులు సుమారు పన్నెండుమంది చొప్పున గుంపులై, వారానికి ఒక పెన్నీ వసూలు చేయాలని ఏర్పాటు చేసుకున్నారు. డబ్బు కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులకు ఆ ఇళ్లలోని తాగుడు, తగాదాలు కంటబడ్డాయి. అప్పటినుండి ఆ గుంపులే ఒకరి ఆత్మ క్షేమాన్ని ఒకరు విచారించుకునే కూడికలయ్యాయి. మీ సంఘంలో నోరు జారని, మీకంటే అనుభవం గల ఇద్దరు సహోదరీలను చూసుకోండి. వారానికొకసారి వారు అడిగితే నిజం చెప్పండి, రాత్రివేళ ఫోను పడకగది బయట ఉంచండి.

మళ్లీ పడిపోతే వచ్చే ఆదివారం వరకు ఆగవద్దు, అక్కడే ఒప్పుకోండి. మన పాపములను ఒప్పుకొంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 విశ్వాసులకు రాసిన మాటే. మన సంఘాలలో ఆ వారం తప్పు చేశామని, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు దూరంగా కూర్చునేవారిని చాలామందిని చూశాను, నాకు బాధ కలుగుతుంది. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినవలెనని పౌలు రాశాడు గాని, పరీక్షించుకొని లేచి వెళ్లిపొమ్మని రాయలేదు.

నగల గురించి నా అభిప్రాయం ఇది. బాహ్యమైన గుర్తులు పనికిమాలినవి కావు. 1866 తరువాత ఒంగోలు ప్రాంతంలో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి పరిచర్యలో విశ్వాసులైన మాదిగ కుటుంబాలకు ఇచ్చిన మొదటి కట్టడలు ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అన్నవే. వాటిని పాటించినందుకు ఊరి పెద్దల చేత వారు పడిన కష్టాలు తక్కువవి కావు. అది వారి విశ్వాసపు ఒప్పుకోలు. అయితే 1 పేతురు 3వ అధ్యాయం బంగారు నగల కంటే సాధువైన, మృదువైన మనసు దేవుని దృష్టికి మిగుల విలువగలదని చెబుతోంది గనుక, నగలు తీసివేసి నాలుకను మాత్రం అలాగే ఉంచుకుంటే ఆ వాక్యం నెరవేరినట్టు కాదు. మీరు తీసినా ఉంచినా, వేరుగా చేసిన సహోదరిని తీర్పు తీర్చకండి. రోమా 14వ అధ్యాయం ఇద్దరికీ ఇచ్చిన ఆజ్ఞ అది.

టైమ్‌షీటును మాత్రం వాయిదా వేయకండి. ఎఫెసీయులకు 4:28 దొంగిలువాడు దొంగతనం మానడంతో ఆగదు, అక్కరగలవానికి పెట్టేలా కష్టపడమంటుంది. సుంకాలు వసూలు చేసే జక్కయ్య యేసును కలిసినప్పుడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ వారం నుండి చేసిన గంటలే రాయండి. గడిచినవాటి గురించి మీ మేనేజరుకు ఏమి చెప్పాలో ఆ ఇద్దరు సహోదరీలతో కలిసి ప్రార్థించి, నెల ముగిసేలోగా చెప్పండి.