సమాధానం: 2000 తర్వాతి బ్రిటిష్ సినిమాల్లో కల్ట్ లేదనే ఫ్రెండ్‌కి ఏది చూపించాలి?

2000 తర్వాతి బ్రిటిష్ సినిమాల్లో పదికాలాలు నిలిచే కల్ట్ (వీరాభిమానులు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూసే సినిమా) లేదంటున్న మీ ఫ్రెండ్‌కి ఏది చూపించాలని అడిగారు కదా. కళ్లు మూసుకుని జాంబీ కామెడీ 'షాన్ ఆఫ్ ది డెడ్' (2004) పెట్టేయండి.

పబ్బులో హీరో షాన్ ఫ్రెండ్ ఎడ్ మర్నాటి తాగుడు ప్లాన్ చెప్పే చోట చెవులు రిక్కించి వినమనండి. పొద్దున్నే బ్లడీ మేరీ అనే కాక్‌టెయిల్, తర్వాత ఓ 'బైట్' (చిరుతిండి అనీ, కాటు అనీ అర్థం), ఓ 'కపుల్' (రెండు పెగ్గులు అనీ, జంట అనీ), తూలుతూ నడక, చివర్లో 'షాట్లు' (మందు అనీ, తుపాకీ కాల్పులు అనీ). కథంతా అదే వరుసలో నడుస్తుంది! పెరట్లో కనిపించే జాంబీ అమ్మాయి పేరు కూడా మేరీయే. మొదటిసారి ఇదేమీ తట్టదు, అందుకే మళ్లీ చూస్తారు. కల్ట్ పుట్టేది అక్కడే అని నా లెక్క.

హిట్ కానిది కల్ట్ ఎలా అవుతుందంటారేమో. 'అటాక్ ది బ్లాక్' (2011) థియేటర్లలో పెద్దగా ఆడలేదు. తర్వాత 'స్టార్ వార్స్'లో నటించిన జాన్ బోయేగా మొదటి సినిమా అది, ఇప్పటికీ వెతుక్కుని మరీ చూసేవాళ్లున్నారు. అంతెందుకు, 1973 నాటి 'ది వికర్ మ్యాన్' బ్రిటన్‌లో ఇంకో సినిమాకి తోడుగా విడుదలైందే, ఇప్పుడది కల్ట్.

అలాగని ప్రతి లండన్ గ్యాంగ్‌స్టర్ సినిమానూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, సగం ఒకే మూస. అన్నట్టు, సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, ఈ సినిమాల్లోని బ్రిటిష్ యాస ఓ పట్టాన అందదు.