చెమట ప్యాచ్ చెప్పినన్ని నీళ్లు తాగాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 36. హాఫ్ మారథాన్ కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. చెమటను కొలిచే ప్యాచ్ ముంజేతికి అతికించుకుంటే, గంటకు 1.3 లీటర్లు పోతోందని యాప్ చూపించింది. అందుకే మొన్న గంటన్నర పరుగులో 2 లీటర్ల నీళ్లు తాగాను. ఇంటికొచ్చాక కడుపు ఉబ్బరం, తలనొప్పి, వికారం. బరువు 68 నుంచి 68.6 కిలోలైంది. ఇంకా ఎక్కువ తాగాలా?

జవాబు: వద్దండీ. నీళ్లు చాలక కాదు, ఎక్కువై వచ్చిన ఇబ్బందిలా ఉంది. పరుగు తర్వాత బరువు కాస్త తగ్గాలి, పెరగకూడదు.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 2 లీటర్లు తాగి 0.6 కిలో పెరిగారు. మధ్యలో మూత్రానికి వెళ్లకపోతే, పోయిన చెమట సుమారు 1.4 లీటర్లు. అంటే గంటకు 0.9 లీటర్లే. తడి బట్టలతో బరువు చూసుకుంటే ఈ లెక్క కొంత మారుతుంది.

ప్యాచ్ కొలిచేది దాని కిందున్న కాస్తంత చర్మాన్నే. మిగతా ఒంటికంతా అంచనా కడుతుంది. కానీ నుదురు, వీపు, ముంజేయి ఒకేలా చెమట పట్టవు. లోషన్ రాసినా, ప్యాచ్ అంచు లేచినా తేడా వస్తుంది.

అందుకని ముందు ప్యాచ్‌నే పరీక్షించండి. మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. గంట పరుగెత్తి, ఒళ్లు తుడుచుకుని, మళ్లీ చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు ఒక లీటర్ లెక్కగట్టి, తాగిన నీళ్లు కలపండి. వేర్వేరు వేగాల్లో, ఎండలో, చల్లటి పూట నాలుగైదుసార్లు ఇలా చేస్తే ప్యాచ్ ఎంత ఎక్కువో తక్కువో చూపిస్తోందో తెలిసిపోతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్లను పరీక్షిస్తే 13 శాతం మందిలో అది తక్కువగా తేలింది. పరుగులో బరువు పెరగడానికీ దీనికీ బలమైన సంబంధం కనిపించింది. ఎలక్ట్రోలైట్ డ్రింక్ అయినా అతిగా తాగితే ఇదే ప్రమాదం. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు, తికమక, మత్తు, ఫిట్స్ వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, ఎన్ని నీళ్లు తాగారో అక్కడ చెప్పండి.

ఇకపై దాహాన్ని బట్టి తాగండి. బరువు 2 శాతంకన్నా ఎక్కువ తగ్గుతుంటే మాత్రం కొంచెం పెంచండి. మీ బరువుకు అది దాదాపు 1.4 కిలోలు. బీపీకి, గుండెకు, కిడ్నీలకు మందులు వాడుతుంటే యాప్ చెప్పిందని ఉప్పు, నీళ్లు పెంచకండి, ముందు మీ డాక్టర్‌ని అడగండి.