మా డిపో కొత్త బస్సు ఎటు పోయింది? బస్సు ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి డిపోకు కొత్త బస్సు రావడమే అరుదు. వచ్చినా కొద్ది నెలల్లో పెద్ద డిపోకు తరలిపోతుంది, అక్కడ అరిగిన బండి మాకు వస్తుంది. ఈ మార్పిడి ఏ లెక్క ప్రకారం జరుగుతుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ఆర్టీసీ బస్సు మొదటి రోజు నుంచి తుక్కుకు వెళ్లేదాకా ఒకే సర్వీసులో తిరగదు. సూపర్ లగ్జరీగా దూరప్రాంతాలకు కొన్ని లక్షల కిలోమీటర్లు నడిచిన తరువాత దానిని వర్క్‌షాప్‌కు పంపి, వరుసకు ఇటు రెండు అటు రెండుగా ఉన్న పుష్‌బ్యాక్ సీట్లను తొలగించి, మూడు రెండుగా మామూలు సీట్లు బిగించి, రంగు మార్చి ఎక్స్‌ప్రెస్‌గానో పల్లెవెలుగుగానో మళ్లీ రోడ్డెక్కిస్తారు. అటువంటి పల్లెవెలుగు ఎక్కినప్పుడు సీటు కిందకు వంగి చూస్తే పాత సీట్ల బోల్టులు ఊడదీసిన రంధ్రాలు, కిటికీ అంచున కొత్త రంగు కింద నుంచి తొంగిచూసే పాత రంగు కనిపిస్తాయి. అంటే పల్లెకు వచ్చే బస్సు పాతదిగా రావడం పద్ధతిలోనే ఉంది. ఇది ఒక్క మీ డిపో పట్ల చూపిన వివక్ష కాదు.

ఇక ఏ బస్సు ఏ డిపోకు అన్న నిర్ణయానికి ఆధారం రెండు అంకెలు: కిలోమీటరుకు వచ్చిన ఆదాయం, సీట్లలో ఎన్ని నిండాయో చెప్పే ఓఆర్. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. వెళ్లి వచ్చేసరికి ఒక బస్సు 550 కిలోమీటర్లు తిరుగుతుంది, పక్కనే ప్రైవేటు బస్సు పోటీగా పరుగెడుతుంది, దారిలో బండి ఆగిపోతే ప్రయాణికుడు మరుసటిసారి అటువైపే వెళతాడు. కాబట్టి కొత్త బండి అక్కడికే పోతుంది. జాతీయ రహదారి వరకు ఈ లెక్కను నేను తప్పుపట్టను. అయితే పల్లె సర్వీసును సగటు ఓఆర్‌తో కొలవడం మాత్రం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. రాత్రి ఊళ్లో ఆగి తెల్లవారుజామున గుంటూరుకు బయలుదేరే నైట్‌హాల్ట్ బస్సులో కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే వృద్ధులు, కూరగాయల గంపలతో వచ్చే రైతులు కాలు పెట్టే చోటు లేకుండా నిలబడతారు. అదే బస్సు మధ్యాహ్నం పదిమందితో తిరిగి వస్తుంది. రెండింటినీ కలిపి సగటు కడితే నష్టపు సర్వీసుగా తేలుతుంది, ఉదయపు రద్దీ ఆ సగటులో కొట్టుకుపోతుంది.

మీరు చేయగలిగినది ఒకటి ఉంది. "బస్సు బాగాలేదు" అని రాయడం కంటే సర్వీసు బయలుదేరే వేళ, మార్గం, బండి నంబరు, అది రాని రోజులు లేదా దారిలో ఆగిన రోజుల తేదీలు రాసి, డిపో మేనేజరుకు ఒక ప్రతి, జిల్లా ప్రజా రవాణా అధికారికి మరొక ప్రతి ఇవ్వండి. డిపో మేనేజర్లు ఫోనులో ప్రయాణికులతో మాట్లాడే "డయల్ యువర్ డీఎం" కార్యక్రమంలో కూడా ఇదే వివరం చెప్పండి. తేదీలతో వచ్చిన ఫిర్యాదును పక్కన పెట్టడం అధికారికి సులువు కాదు.

ప్రశ్న: గుంటూరు డిపో పేరు రాసి ఉన్న బస్సుకు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల నంబరు ఉండటం చూశాను. అది తెలంగాణ నుంచి వచ్చిన బస్సా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అలా అనుకోనవసరం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉండేది, బస్సులను చాలావరకు అక్కడే రిజిస్టరు చేసేవారు. ఏపీ 11 జెడ్, ఏపీ 28 జెడ్, ఏపీ 29 జెడ్ వంటి నంబర్లు అలా వచ్చినవే. జెడ్ అక్షరం ఆర్టీసీ బస్సులకు కేటాయించినది. 2015లో సంస్థ రెండుగా విడిపోయినప్పుడు ఏ డిపోలోని బస్సు ఆ డిపోతోనే ఉండిపోయింది, నంబరు మాత్రం మారలేదు. బస్సు ఎక్కడిదో తెలుసుకోవాలంటే నంబరును కాక, బండిపై రాసిన డిపో పేరును చూడండి.

ప్రశ్న: విజయవాడ–హైదరాబాద్ మార్గంలో ఆర్టీసీ కంటే ప్రైవేటు ట్రావెల్స్ బస్సులే ఎక్కువగా కనిపిస్తున్నాయి. సీటుకు ఇంతని టికెట్ అమ్మే హక్కు వాటికి చట్టప్రకారం ఉందా? ఆర్టీసీ ఎందుకు వెనుకబడింది?
– ఒక బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టం బస్సులను రెండు తెగలుగా చూస్తుంది. ఒక్కొక్క ప్రయాణికుడి దగ్గర విడివిడిగా ఛార్జీ తీసుకుని, స్టాపుల్లో ఎక్కించుకుంటూ దించుతూ పోయేది స్టేజ్ క్యారేజ్. ఒక బృందం ముందే కుదుర్చుకున్న ఒప్పందం మీద ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకుపోయేది కాంట్రాక్ట్ క్యారేజ్. మధ్యలో కొత్తవారిని ఎక్కించుకునే అధికారం దానికి లేదు. ట్రావెల్స్ బస్సులు ఎక్కువగా ఈ రెండో తరహా పర్మిట్ మీద, లేదా 2023 నిబంధనల కింద ఇచ్చే అఖిల భారత టూరిస్టు పర్మిట్ మీద నడుస్తాయి. ఆ టూరిస్టు బస్సులో ప్రయాణికుల జాబితా ఉండాలి. అయితే బెంజ్ సర్కిల్ దగ్గరా రామవరప్పాడు రింగు దగ్గరా రాత్రి వేళ జరిగేది మీరే చూస్తుంటారు: క్లీనరు ఊరి పేరు పెట్టి కేకవేస్తాడు, ఖాళీ సీట్లు అక్కడికక్కడే నిండుతాయి. కాగితం మీద కాంట్రాక్టు, రోడ్డు మీద స్టేజ్ క్యారేజ్. దీనిని అడ్డుకోవలసిన తనిఖీ పండుగల ముందు నాలుగు రోజులు ముమ్మరంగా సాగి ఆగిపోతుంది.

ఇతర రాష్ట్రాల్లో రిజిస్టరు చేయించి ఇక్కడ తిప్పే బస్సుల సంగతి ఇంకా తీవ్రమైనది. పన్ను తక్కువ పడుతుందని ఎక్కడో నంబరు వేయించిన బస్సు అసలు ఏ అమరికతో ఆమోదం పొందిందో, తరువాత లోపల ఏం మార్చారో ఇక్కడి అధికారి కంటికి ఆనదు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర 19 మంది ప్రయాణికులు సజీవదహనమైన స్లీపర్ బస్సు డామన్–డయ్యూ నంబరుతో ఉన్నదే. టికెట్ కొనేటప్పుడు ఏసీ ఉందా, బెర్తు ఉందా అని అడిగినట్లే, అత్యవసర ద్వారం ఎక్కడ ఉందని కూడా అడగమని వేడుకుంటున్నాను.

ఆర్టీసీ వెనుకబడటానికి ఒక కారణం బహిరంగంగా లెక్కల్లోనే ఉంది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. ఎవరు ఎన్ని కిలోమీటర్లు నడపాలన్న వివాదం తెగక, నవంబరు 2న ఒప్పందం కుదిరేదాకా అవి కదలలేదు. అంతకు ముందు తెలంగాణలో 1,009 బస్సులతో రోజుకు 2.65 లక్షల కిలోమీటర్లు నడిపిన ఏపీఎస్‌ఆర్టీసీ, సమానత్వం పేరిట 638 బస్సులకు, 1.61 లక్షల కిలోమీటర్లకు తగ్గింది. తెలంగాణ సంస్థ 746 బస్సుల నుంచి 826కు పెరిగింది, దాని కిలోమీటర్లు 1.52 లక్షల నుంచి 1.61 లక్షలయ్యాయి. రెండూ కలిపి చూడండి: రోజుకు సుమారు 95 వేల కిలోమీటర్ల ప్రభుత్వ బస్సు ప్రయాణం సరిహద్దు మార్గాల నుంచి మాయమైంది. ప్రయాణికులు ఆ మేరకు తగ్గలేదు. వారు ఎవరి బస్సు ఎక్కారో వేరే చెప్పనక్కరలేదు. రెండు సంస్థలూ కిలోమీటర్లను సమానం చేసుకోవడానికి చూపిన పట్టుదలలో సగమైనా ప్రయాణికుడిని నిలబెట్టుకోవడానికి చూపి ఉండవలసింది.

ఆర్టీసీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ప్రైవేటు బస్సు శుక్రవారం రాత్రికి ఒక రేటు, మంగళవారానికి ఒక రేటు పెట్టగలదు, నిండని రోజున సర్వీసునే ఎత్తివేయగలదు. ఆర్టీసీ ఛార్జీ ప్రభుత్వ అనుమతితో మారేది. 2023 సంక్రాంతి ప్రత్యేక బస్సులకు అదనపు ఛార్జీ వద్దని సంస్థ నిర్ణయించుకున్నప్పుడు ఎందరో కుటుంబాలతో ఊరు చేరుకోగలిగారు.

ప్రశ్న: ఒకప్పుడు కృష్ణా జిల్లాలో అన్నీ ప్రైవేటు బస్సులేనని మా తాతగారు చెప్పేవారు. అవి ఎలా పోయాయి?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: మీ తాతగారి మాట నిజమే, ఆ కథ దేశపు న్యాయచరిత్రలోకి కూడా ఎక్కింది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా మార్గాలను జాతీయం చేసే పథకాన్ని సంస్థ ప్రకటించగా, ఇక్కడి బస్సు యజమానులు అభ్యంతరాలు తెలిపారు. వాటిని విన్నది శాఖ కార్యదర్శి, పథకాన్ని ఆమోదించింది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు తదితరులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1958 నవంబరు 5న తీర్పు ఇచ్చింది. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ విచారణ వట్టి లాంఛనమవుతుందని మెజారిటీ న్యాయమూర్తుల తరఫున కోకా సుబ్బారావుగారు రాశారు. ఆ మీదట ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని మళ్లీ ఆమోదించారు. ఆయనకు పక్షపాతం ఉందన్న యజమానుల వాదనను 1959లో కోర్టు తోసిపుచ్చింది.

వాదన ఎవరు విన్నారో వారే నిర్ణయించాలన్న ఆ సూత్రం నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠం. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి. మార్గాలను ఆర్టీసీకి అప్పగించినప్పుడు లాభం వచ్చే దారితో పాటు లాభం రాని దారి కూడా అప్పగించారు. ఈనాడు లాభపు దారిలో పోటీని రానిచ్చి, లాభం లేని దారిని మాత్రం ఆర్టీసీకే వదిలి, నష్టాలు ఎందుకని సంస్థను నిలదీయడం సరికాదు.

ప్రశ్న: ఒక ట్రావెల్స్ యజమాని దగ్గర పర్మిట్‌తో సహా బస్సు కొనదలిచాను. పర్మిట్ నా పేరున దానంతట అదే మారుతుందా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మారదు. చట్టంలోని 82వ సెక్షన్ ప్రకారం రవాణా అధికార సంస్థ అనుమతి లేకుండా పర్మిట్‌ను బదిలీ చేయరాదు. ఆర్‌సీ మీ పేరున మారినంత మాత్రాన పర్మిట్ మీది కాదు, ఆ స్థితిలో బండి తిప్పితే పర్మిట్ లేని బండి తిప్పినట్టే. యజమాని మరణించిన సందర్భంలో మాత్రం, 30 రోజుల్లోగా సమాచారమిస్తే వారసులు 3 నెలలపాటు అదే పర్మిట్ మీద నడుపుకోవచ్చు. అనుమతి చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము చెల్లించకండి.

ప్రశ్న: ఉచిత బస్సు వచ్చాక మా ఆటోలు ఖాళీగా నిలబడుతున్నాయి. ఆర్టీసీ మాకు పోటీయా?
– ఒక ఆటో డ్రైవరు, మంగళగిరి

జవాబు: మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పిస్తూ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. నాన్‌స్టాప్ సర్వీసులకు వర్తించదు. మీ నష్టం నిజమైనదే. అందుకే ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో డ్రైవర్లకు ఏటా 15 వేల రూపాయల సాయం ప్రారంభించింది. పోయిన రాబడికి అది సరిపోదన్న మీ బాధను కాదనను. కానీ గుంటూరు ఆసుపత్రికి వారానికోసారి వెళ్లే కూలీ మహిళకు మిగిలిన ఛార్జీ డబ్బును కూడా నేను తక్కువగా చూడలేను. బస్టాండు నుంచి కాలనీలకు, బస్సు పోని గ్రామాలకు ఆటో అవసరం ఇంకా ఉంది. బస్సు దిగే వేళలను బట్టి అక్కడ స్టాండ్లు పెట్టించమని మీ యూనియన్ మున్సిపల్, ఆర్టీసీ అధికారులను కలిపి అడగవచ్చు. ఇక ఆర్టీసీ చేయవలసిన పని ఈ ఐదు రకాల బస్సులను పెంచడం. మహిళలకు ఛార్జీ లేకుండా ఇచ్చే జీరో టికెట్ల సొమ్మును ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి కాబట్టి, ఆ చెల్లింపు ఆలస్యమైతే కొత్త పల్లెవెలుగు కొనుగోలు కూడా ఆలస్యమవుతుంది.