గిన్నెల ఊళ్లో కుక్కర్ విజిల్

మిలాన్ అద్దెలు చూసి దడుచుకుని, ఒర్తా సరస్సు ఒడ్డున నేనుండే ఒమేన్యాలో ఇల్లు తక్కువకి దొరుకుతోంది, రమ్మంటారా అని ఈమధ్య ముగ్గురు నలుగురు అడిగారు. రోజూ మిలాన్ ఆఫీసుకెళ్లాలంటే వద్దు, నొవారాలో రైలు మారి మారి ప్రాణం విసిగిపోతుంది. ఇంటి నుంచే పని అయితే నిక్షేపంగా రండి.

పేపర్ల సంగతి క్లుప్తంగా: దిగిన 8 పనిదినాల్లోపు పోస్టాఫీసులో పెర్మెస్సో (ఇక్కడ ఉండటానికి అనుమతి) దరఖాస్తు కిట్ ఇచ్చెయ్యండి, రసీదు భద్రం. అగ్రిమెంటు రిజిస్టర్ చేయించని ఇంట్లో మాత్రం దిగకండి. నా మొదటి ఓనరు "రేపు, రేపు" అంటూ నాలుగు నెలలు తిప్పాడు, నా రెసిదెన్సా, అంటే ఈ ఊళ్లో ఉంటున్నట్టు నమోదు కాయితం, అక్కడే ఆగిపోయింది.

ఇక ఊరు. ఇది గిన్నెల ఊరు. గిన్నెల కంపెనీలు లాగొస్తీనా 1901లో, అలెస్సీ 1921లో పుట్టింది ఇక్కడే. ఇటలీలో ఏ వంటింట్లో చూసినా కనిపించే ఆ ఎనిమిది పలకల కాఫీ పాత్ర, మోకా, 1933లో బియలెత్తీ అనే ఆయన తెచ్చింది కూడా ఈ ఊరి క్రుసినాల్లో పేటలోనే. దాన్ని దేశమంతా అమ్మిన కొడుకు రెనాతో 2016లో పోతే, ఆయన చితాభస్మాన్ని పెద్ద మోకా పాత్రలోనే పెట్టారు!

వచ్చిన కొత్తలో మన కుక్కర్లో పప్పు పెడితే మూడో విజిల్‌కి పక్కింటి ముసలావిడ, ఏదో పేలిపోతోందని పరిగెత్తుకొచ్చి తలుపు బాదింది. వీళ్ల కుక్కర్లు ఈల వెయ్యవు మరి, సన్నగా బుస్సుమంటాయంతే. లోపలికొచ్చి మూత బోర్లించి, గ్యాస్కెట్ వేలితో నొక్కి, వెయిట్ ఎత్తి చూసి, "అంచు బాగా తీశారు" అంది. ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో గిన్నెలకి పాలిష్ పట్టిందట. ఆ రోజు నుంచి నా ఇటాలియన్ టీచర్ ఆవిడే. ఒక్కసారే కోప్పడింది, సాయం చేద్దామని ఆవిడ మోకాని సబ్బేసి తళతళా తోమినప్పుడు. ఉత్త నీళ్లతో కడగాలట.

అందుకే చెప్తున్నా, ముందు ఫోరుమ్ మ్యూజియంకి వెళ్లి పాత గిన్నెలు చూసి రండి, ఆ తర్వాత బార్లో కూర్చున్న ఏ పెద్దాయన్నయినా "మీరు ఏ ఫ్యాక్టరీలో చేశారు?" అని అడగండి, గంటదాకా వదిలిపెట్టరు. నిగోల్యా వాగు గురించి కూడా చెప్తారు. ఈ వైపు పెద్ద సరస్సుల్లో చాలావాటి నీళ్లు దక్షిణానికి పోతే, ఒర్తా నీళ్లు ఊరి నడుమ నుంచి ఉత్తరానికి, ఆల్ప్స్ వైపు పోతాయి. మా ఏరు ఎదురు నడుస్తుంది, చట్టం మేమే చేసుకుంటాం అని వీళ్ల సామెత. పొగరే, కానీ ముచ్చటగా ఉంటుంది.

పిల్లలుంటే జాన్ని రొదారి కథలు తెచ్చుకోండి, 1920లో ఈ ఊళ్లోనే పుట్టాడు, రొట్టెలు చేసే ఆయన కొడుకు. సరస్సులో ఈతకి భయం లేదు. 1926లో దక్షిణపు ఒడ్డున వచ్చిన రేయాన్ ఫ్యాక్టరీ రాగి, అమ్మోనియా వదిలి చేపల్ని చంపేసిన మాట నిజమే, 1989-90లో సున్నపురాయి పొడి కలిపి బాగుచేశారు.

కుక్కర్ మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, గ్యాస్కెట్లు రెండు ఎక్కువ పడేసుకోండి. ఇంత గిన్నెల ఊళ్లోనూ మన సైజు నాకు దొరకలేదు.